దొంగ రాక

కొడుకు ఫ్లోరికి చెవులు వినిపించవేమోనన్నదే బుర్గి భయం. వాడు పుట్టినప్పటినుంచీ ఆమె దేనికో ఒకదానికి భయపడుతూనే ఉంది. ఆ భయాలన్నీ వచ్చి పోయాయి. ఇది మాత్రం వచ్చి కూర్చుంది.

ఒకప్పుడు నిద్రలో వాడు ఊపిరి తీస్తున్నాడో లేదోనని ముక్కు దగ్గర చేతి అద్దం పెట్టి చూసింది. మాడు మీద మెత్తగా ఎగిరిపడే చోటు చూసి బుర్ర చిట్లిందనుకుని, వైద్యుణ్ణి పిలుచుకు రమ్మని పనిమనిషి స్టాసిని జోరువానలో పరిగెత్తించింది. వైద్యుడు వచ్చి, చూసి, కాఫీ తాగి, నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆయన వెనక ఇల్లంతా నవ్వింది. అందుకే ఈ భయాన్ని ఎవరితోనూ అనలేక గొంతులోనే పెట్టుకుని తిరుగుతోంది.

అన్నా నమ్మేదెవరు? వియన్నాలో, వీడెన్ పేటలో, జేహెట్నర్ వాళ్ళిల్లంటే పియానో ఇల్లు. మామగారు అన్సెల్మ్ జేహెట్నర్ సొనాటాలు కడతాడు. పేటలో సగంమంది ఆడపిల్లలకి పియానో మీద వేళ్ళు తిప్పడం నేర్పింది ఆయనే. భర్త లోరెంజ్ నాటకశాలలో వయోలా అనే పెద్దరకం ఫిడేలు వాయిస్తాడు. బుర్గి మాత్రం రొట్టెలవాడి కూతురు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చేసరికే బడి మాన్పించి బుట్ట చేతికిచ్చారు. పొద్దున్నే రొట్టెలు ఇవ్వడానికి ఈ ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, లోపలినుంచి వినబడే బాణీని గుమ్మం చెక్క మీద వేళ్ళతో వాయించుకునే పిల్లని అన్సెల్మ్ ఒకరోజు చూశాడు. పియానో ముందు కూర్చోబెట్టాడు. ఆ తర్వాత కోడల్ని చేసుకున్నాడు. ఇప్పుడాయన వేళ్ళు కీళ్ళవాతంతో ముడుచుకుపోయాయి. ఆయన సొనాటా పదిమంది చెవిన పడాలంటే బుర్గి వాయించాల్సిందే.

ఇక ఫ్లోరి చెవుల సంగతి. ఏడాదిన్నర పిల్లవాడి చెవుల గురించి పేటంతా చెప్పుకోవడానికి కారణం అన్సెల్మ్ కట్టిన ఒక సొనాటా.

"సొనాటా అంటే ఇంటి సంగతి, అమ్మాయ్" అని ఆయన కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పేవాడు. "మొదటి బాణీ సొంతింట్లో పుడుతుంది. రెండో బాణీ పక్కింటి శ్రుతిలో పుడుతుంది. ఇద్దర్నీ రెండేసిసార్లు చూపిస్తాం, మొహాలు గుర్తుండాలి కదా. ఆ తర్వాత ఊరంతా తిప్పుతాం. తెలియని శ్రుతులు, చీకటి సందులు, కుక్కలు వెంటపడ్డం, అన్నీ ఉంటాయి. చివరికి మొదటి బాణీ ఇల్లు చేరుతుంది. దాని వెనకే రెండోది కూడా వచ్చి అదే ఇంట్లో, అదే శ్రుతిలో కాపురం పెడుతుంది. అంతే. తక్కిందంతా పనితనం."

ఆ పనితనంలో ఆయనకో కొంటెతనం ఉంది. తిరుగుడు ఇంకా సగంలో ఉండగానే, ఇల్లు కనుచూపుమేరలో లేకుండానే, మొదటి బాణీ మెల్లగా తలుపు తోసుకుని వచ్చేసినట్టు వినిపిస్తుంది. శ్రుతి మాత్రం వేరు. అది పరాయి ఇల్లు. వినేవాళ్ళు "హమ్మయ్య, వచ్చేశాం" అనుకునేలోపే గుమ్మం మాయమై మళ్ళీ వీధిన పడతారు. ఆ చోటుని ఇంట్లో అందరూ దొంగ రాక అనేవారు. అసలు రాక ఆ తర్వాతెప్పుడో వస్తుంది. అదీ అంత మెల్లగానే వస్తుంది, నిద్రపోతున్నవాళ్ళని లేపకూడదన్నట్టు. ఏది దొంగదో ఏది అసలుదో పట్టుకోవడం ఏళ్ళ తరబడి నేర్చుకున్న చెవులకే కష్టం.

ఫ్లోరి పట్టుకునేవాడు. బుర్గి వాయించడానికి కూర్చోగానే వాడు పాకుతూ వెళ్ళి పియానో కింద, ఆమె పాదాల దగ్గర చేరేవాడు. దొంగ రాక దగ్గర కిక్కురుమనేవాడు కాదు. అసలు రాక రాగానే కిలకిలా నవ్వేవాడు. ఎన్నిసార్లు వాయించినా అంతే, ఒక్కసారీ తప్పలేదు.

"నా మనవడు సొంత శ్రుతి ఎరిగి పుట్టాడు!" అని అన్సెల్మ్ చర్చి మెట్ల మీద కనబడ్డవాడికల్లా చెప్పాడు. ఆయన చెప్పనివాళ్ళకి కూరగాయల సంతలో స్టాసి చెప్పింది. మాటలింకా రాలేదేమని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పాట ముందొచ్చినవాడికి మాటతో తొందరేముంది?" పిలిస్తే తిరిగి చూడడేమని అడిగితే మాత్రం మొహం ముడుచుకునేవాడు. "అది మొండితనం. అది వంచాల్సిందే." పియానో మీదుండే చెక్కబద్దతో వాడి అరచేతి మీద రెండుసార్లు కొట్టాడు కూడా. గట్టిగా కాదు. కాని వాడు ఎందుకు కొట్టారో తెలియక తాత మొహంలోకి చూసిన చూపు బుర్గి మరిచిపోలేదు.

గురువారం పొద్దున పొంగే పాలని దించబోయి బుర్గి కుడిపాదం కాల్చుకుంది. మడమ దగ్గర బొబ్బలెక్కింది. మర్నాడు వెన్న రాసి, గుడ్డ చుట్టి, పాదాన్ని ఒక దిండు మీద పెట్టుకుని సాధనకి కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి అతిథులొస్తారు. మామగారి శిష్యురాలు, గొప్పింటి బారోనెస్ ఒకావిడ, ఆవిడ వెంట సంగీతం అచ్చువేసే ట్రాట్నిగ్, ఇంకో నలుగురైదుగురు. వాళ్ళొచ్చేది సొనాటా వినడానికి కాదు, పియానో కిందున్నవాణ్ణి చూడటానికి.

బుర్గి వాయించింది. దొంగ రాక పోయింది. అసలు రాక వచ్చింది. కింద నవ్వు లేదు.

"చిన్నదొర అలిగాడు" అంది స్టాసి, వెండి చెంచాలు తుడుస్తూ. "పొద్దున ఉడకబెట్టిన ప్లమ్‌పళ్ళు పెట్టలేదుగా, అదీ కోపం."

బుర్గి మళ్ళీ వాయించింది. నవ్వు లేదు. వంగి చూసింది. ఫ్లోరి బోర్లా పడుకుని, దిండు మీదున్న ఆమె పాదాన్నే చూస్తున్నాడు. కదలకుండా కాచుకుని ఉన్నాడు.

ఆమెకి అప్పుడు తట్టింది. తను పొట్టి మనిషి. పియానో ముందు పీట ఎత్తు. మునివేళ్ళు పియానో కింద కాలితో తొక్కే పెడల్ మీద ఉంటే మడమ గాలిలో వేళ్ళాడుతుంది. అసలు రాక వచ్చినప్పుడల్లా, ఇల్లు చేరిన ఊరటతో, పెడల్ వదిలేసి మడమ నేలకి దించుతుందేమో తను? ఎప్పుడూ గమనించుకోలేదు. పాటలో ఉన్నవాళ్ళు పాదాల్ని చూసుకోరు. పైనున్నవాళ్ళకి పావడా అంచు అడ్డం.

మూడోసారి వాయించింది. దిండు తీసేసింది. అసలు రాక దగ్గర, పళ్ళు బిగపట్టి, కాలిన మడమని నేలకి దించింది.

ఫ్లోరి కిలకిలా నవ్వాడు.

"అదిగో, అలక తీరింది!" అంది స్టాసి.

బుర్గి చేసి చూడాల్సింది ఇంకొకటి మిగిలింది. దొంగ రాక దగ్గర మడమ దించాలి. వాడు నవ్వకపోతే వాడికి పాట వినబడుతున్నట్టే. నవ్వితే ఇక అనుమానానికి చోటుండదు. పీట మీద అలాగే కూర్చుండిపోయింది గాని ఆ ఒక్కటీ చేయలేకపోయింది. చేస్తే తెలిసిపోతుంది. తెలిశాక తెలియనట్టు ఉండటం కుదరదు.

శనివారం లోరెంజ్ కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. బుర్గి తలుపు మూసింది.

"లోరెంజ్, ఓ మాట చెప్తాను. నవ్వకు."

"నవ్వితే గొంతు తెగుతుంది. చెప్పు."

"ఫ్లోరి నవ్వేది పాటకి కాదు. నా కాలికి."

అతను కత్తి ఆపాడు. అద్దంలోంచే ఆమెని చూశాడు. "మళ్ళీ మొదలెట్టావా?"

"నిన్న చూశాను. కాలు దించితే నవ్వాడు. దించకపోతే లేదు. వాడికి... వాడికి వినిపించడం లేదేమో."

"కాలికే నవ్వేవాడైతే దొంగ రాక దగ్గర కూడా నవ్వాలిగా?"

"అక్కడ నా కాలు దిగదు."

"ఎందుకు దిగదు?"

"అది ఇల్లు కాదని నాకు తెలుసు కనక."

లోరెంజ్ నురగ మొహంతోనే ఇటు తిరిగాడు. "అంటే నీ కాలు ఎప్పుడు దిగుతుందో ఇన్నాళ్ళూ నీకే తెలియదు, చంటివాడికి మాత్రం తెలుసంటావు. బాగుంది బుర్గీ. మొన్న నేను తలుపు ధడేలుమని వేస్తే వాడు ఉలిక్కిపడలేదా?"

"నేల అదిరి ఉంటుంది."

"వెనకనుంచి చప్పట్లు కొడితే తిరిగాడని నువ్వే చెప్పావు."

"ఒకసారి తిరిగాడు. నా నీడ గోడ మీద పడింది. తర్వాత తిరగలేదు."

అతను ఒక చెంప గీసుకోవడం పూర్తిచేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "నాన్నతో అనకు" అన్నాడు. "ఆదివారం గడవనీ. ఆయనకి ఇంకేం మిగిలింది చెప్పు? వేళ్ళు పోయాయి. వాణ్ణి చూసుకునే బతుకుతున్నాడు."

"గడిచాక ఎప్పుడు? పెద్దవాళ్ళొచ్చి చూసి, ఔనౌనని తలూపి వెళ్ళాక, ఇక వాడికి వినిపించదని ఎవరు నమ్ముతారు? రేపు వాడు పిలిస్తే రాడు. ఎల్లుండి మాట్లాడడు. మొండివాడని బద్ద పట్టుకుంటారు. వాడికి ఎందుకో కూడా తెలియదు, లోరెంజ్!"

"అద్దం పెట్టి ఊపిరి చూసిన రోజున కూడా ఇలాగే ఏడ్చావు" అన్నాడతను. విసుగుతో కాదు, బుజ్జగింపుగానే అన్నాడు. ఆ బుజ్జగింపే ఆమెకి ఎక్కువ కోపం తెప్పించింది.

కుంటుకుంటూ నేరుగా మామగారి గదికి వెళ్ళి, నిలబడే చెప్పేసింది. అన్సెల్మ్ చివరిదాకా విన్నాడు. అంత నెమ్మదిగా ఆయన ఏదీ వినడు, శిష్యులు తప్పు వాయిస్తే తప్ప.

"అంటే" అన్నాడు, "నేను మూణ్ణెల్లు కూర్చుని కట్టిన రాక నీ మడమలో ఉందంటావు."

"అలా కాదు మామయ్యగారూ..."

"పాలు కాచేటప్పుడు కళ్ళు ఎక్కడో పెడతావు, కాలు కాల్చుకుంటావు, ఆ కాలుని తెచ్చి నా మనవడి మీద సాక్ష్యం పెడతావు. వాడు జేహెట్నర్, అమ్మాయ్. మా ఇంట్లో మూడు తరాలుగా చెవి తప్పినవాడు లేడు."

"ఒక్కసారి మీరే వాడి వెనక నిలబడి పిలిచి చూడండి."

"పిలిచాను. రాడు. మొండి." ఆయన లేచి కిటికీ వైపు తిరిగాడు. "రేపు వాయించు. మొదటి భాగం రెండుసార్లూ వాయించాలి, ఎగ్గొట్టకు. ఈ కాలపు కుర్రాళ్ళు ఒక్కసారితో సరిపెడుతున్నారు, వినేవాడికి ఇంటి మొహమే గుర్తుండట్లేదు. ఇంకో మాట. ఈ సంగతి ఆ బారోనెస్ ముందు ఎత్తావో, నా పియానో మూత మళ్ళీ నువ్వు తెరవవు."

బయటికొచ్చాక బుర్గి నడవలో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మాటతో నమ్మరు. ఈ ఇంట్లో మాటకి విలువ లేదు, పాటకే ఉంది. అయితే పాటతోనే చూపించాలి. తనకీ అప్పుడే తెలుస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం గది నిండింది. స్టాసి కాఫీ, బాదంపప్పు వేసిన గూగెల్‌హుప్ఫ్ కేకు ముక్కలూ పంచింది. ట్రాట్నిగ్ లావుపాటి మనిషి. పియానో కిందికి వంగి చూడబోయి కోటు గుండీ తెంపుకున్నాడు. బారోనెస్ అవేం పట్టించుకోకుండా ఒక చిన్న పీట తెప్పించుకుని, పిల్లవాడు బాగా కనబడేలా కిందకే కూర్చుంది.

"ఎంత ముద్దుగా ఉన్నాడు మాస్టారూ! మీ ముక్కే."

"ముక్కు సంగతి తర్వాత. చెవులు చూడండి" అన్నాడు అన్సెల్మ్.

లోరెంజ్ పుటలు తిప్పడానికి బుర్గి ఎడమపక్క నిలబడ్డాడు. ఆమె కాగితం చూసి వాయించదు, అంతా వేళ్ళలోనే ఉంది. కాని పుటలు తిప్పకపోతే మామగారికి మర్యాదగా ఉండదు. కట్టు విప్పేసి బూటు తొడుక్కుంది బుర్గి. బొబ్బ మీద తోలు రాసుకుంటోంది. పావడా అంచు కాస్త పైకి లాక్కుంది. ఫ్లోరి అప్పటికే కింద చేరాడు.

మొదటి బాణీ మొదలైంది. సొంతిల్లు. తర్వాత పక్కింటి బాణీ. లోరెంజ్ పుటలు వెనక్కి తిప్పాడు. మళ్ళీ మొదటినుంచి. బుర్గికి ఎప్పుడూ ఈ రెండోసారి వాయించడం ఇష్టంగా ఉండేది, తెలిసిన గదుల్లో తిరిగినట్టుండేది. ఇవాళ అదే గది, అదే గది అని తోస్తోంది. తొందరగా అయిపోవాలనీ ఉంది, ఎప్పటికీ అవకూడదనీ ఉంది.

తిరుగుడు మొదలైంది. శ్రుతి మారింది, మళ్ళీ మారింది. ఎడమచెయ్యి కింది స్వరాల్లో గింజుకుంటోంది. మునివేళ్ళు పెడల్ మీద, మడమ గాలిలో. దొంగ రాక దగ్గర పడుతోంది.

నవ్వకు నాన్నా, అనుకుంది బుర్గి. బిడ్డ నవ్వకూడదని ఏ తల్లయినా మొక్కుకుంటుందా? మొక్కుకుంది. నవ్వకురా, ఈ ఒక్కసారికి నవ్వకు. ఇది ఇల్లు కాదు. విను. ఇది మన ఇల్లు కాదు, నీకు తెలుసు, తాతగారు చెప్పినట్టు నీకు తెలుసు కదూ. అమ్మ అబద్ధం ఆడుతోంది. నమ్మకు.

పరాయి శ్రుతిలో మొదటి బాణీ మెత్తగా తలుపు తోసింది. బుర్గి మడమ నేలకి దించింది.

పియానో కింద ఫ్లోరి కిలకిలా నవ్వాడు.

అంతలో ట్రాట్నిగ్ పగలబడి నవ్వాడు. "మోసపోయాడు! పాపం, మోసపోయాడు! మాస్టారూ, మీ దొంగ రాక సొంత మనవణ్ణే ముంచింది!" మిగతావాళ్ళూ నవ్వారు. బారోనెస్ విసనకర్రతో "ష్" అంది. అన్సెల్మ్ మొహం ఎర్రబడింది. ఆయన చూపు పిల్లవాడి మీద లేదు, కోడలి మీద ఉంది.

చేతులు ఆగకూడదు. ఆ ఇంట్లో ఆగడమంత తప్పు ఇంకోటి లేదు. చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి, సందు దాటి సందు. కళ్ళలో నీళ్ళు తిరిగి మీటలు తెల్లగా ఒకటిగా కలిసిపోయాయి. ఇంకా ఒక్కటుంది, అనుకుంది. ఏమో, కాలి అలవాటు కొద్దీ నవ్వాడేమో. అసలుది వచ్చినప్పుడు కాలు లేకుండా కూడా నవ్వుతాడేమో. మొన్న నిజంగా ప్లమ్‌పళ్ళ అలకేనేమో. అసలు రాకకి ముందు వచ్చే పొడవైన స్వరం దగ్గర రెండు పాదాలూ పైకి లాక్కుని, పీట కింద కర్రకి మెలేసుకుంది.

లోరెంజ్ చూశాడు. పుట తిప్పబోయిన చెయ్యి గాలిలోనే ఆగింది.

అసలు రాక వచ్చింది. సొంతిల్లు, సొంత శ్రుతి. ఆ బాణీని ఆమె అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ప్రతి స్వరమూ ఒక్కొక్కటిగా కిందికి అందించింది, ముద్దలు కలిపి నోటికి అందించినట్టు.

కింద చడీచప్పుడూ లేదు.

రెండో బాణీ కూడా ఇల్లు చేరింది. కాపురం పెట్టింది. చివరి తీగల మోత ఆగాక అతిథులు చప్పట్లు కొట్టారు, మర్యాదకి కొట్టినట్టే కొట్టారు. ట్రాట్నిగ్ గడియారం తీసి చూసుకున్నాడు. "పిల్లలంతే మాస్టారూ. చూడ్డానికి మనుషులొస్తే చేయరు. మా ఇంట్లో కుక్కా అంతే."

"కోడలు సరిగా వాయించలేదు" అన్నాడు అన్సెల్మ్. "నడక చెడగొట్టింది. మొదటి చోట కాలు తాటించింది, నేను విన్నాను. పిల్లవాణ్ణి కావాలని తికమక పెట్టింది."

"నాన్నా" అన్నాడు లోరెంజ్.

"నువ్వుండు."

"నాన్నా, పాట వినిపించేవాడైతే కాలు దించకపోయినా అసలు రాక దగ్గర నవ్వాలిగా?" అతను పుటలు మూసేశాడు. "బుర్గీ, చేతులు ఒళ్ళో పెట్టుకో."

ఆమె పెట్టుకుంది.

"ఇప్పుడు కాలు పెడల్ మీద పెట్టు. అలాగే ఉంచు... ఉంచు... దించు."

గదిలో పాట లేదు. ఒక్క తీగ కూడా మోగడం లేదు. బుర్గి మడమ నేలకి దించింది. పియానో కింద ఫ్లోరి, రోజూ నవ్వే నవ్వే, ఎంతో సంతోషంగా, కిలకిలా నవ్వాడు.

బారోనెస్ విసనకర్ర మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి ట్రాట్నిగ్ నవ్వలేదు. స్టాసి మాత్రం పళ్ళెం పట్టుకుని నిలబడి "ఓరి దేవుడా, ఓరి దేవుడా" అంటూనే ఉంది, లోరెంజ్ వెళ్ళి ఆ పళ్ళెం అందుకునేదాకా.

అన్సెల్మ్ లేచాడు. కీళ్ళు సహకరించక బల్ల పట్టుకుని, కుర్చీ పట్టుకుని పియానో వెనక్కి వెళ్ళాడు. మోకాళ్ళ మీద వంగలేనివాడు వంగాడు. పిల్లవాడి వీపు ఆయన వైపుంది. "ఫ్లోరీ" అన్నాడు. తర్వాత గట్టిగా, "ఫ్లోరియన్!" బారోనెస్ పీట మీద వెనక్కి అదిరిపడింది. వాడు ఆవిడ విసనకర్రకి వేళ్ళాడే కుచ్చుని చూస్తున్నాడు. ముసలాయన మొదటి బాణీ పాడటం మొదలెట్టాడు. ఆ గొంతు ఎప్పుడో పోయింది, సగం గాలే వస్తోంది. అయినా చివరిదాకా పాడాడు. వాడు కుచ్చు అందుకోవడానికి చెయ్యి చాపాడు.

"శ్రుతి తప్పానా?" అని అడిగాడాయన, ఎవరినో తెలియదు. "ముసలి గొంతు. శ్రుతి తప్పి ఉంటాను. వాడికి తప్పు శ్రుతి గిట్టదు. అమ్మాయ్, ఆ ఒక్క స్వరం అందించు."

బుర్గి స్వరం మోగించలేదు. దిగి, నేల మీద ఆయన పక్కన కూర్చుంది. "తప్పలేదు మామయ్యగారూ" అంది. "మీరు సరిగ్గానే పాడారు."

అప్పుడాయన పిల్లవాణ్ణి తన వైపు తిప్పుకుని, తను బద్దతో కొట్టిన అరచెయ్యి విప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. అతిథులు ఒక్కొక్కరే టోపీలు తీసుకున్నారు. బారోనెస్ వెళ్తూ వెళ్తూ బుర్గి దగ్గర ఆగి, ఊళ్ళో ఇలాంటి పిల్లలకోసం చక్రవర్తి పెట్టిన బడి ఉందనీ, అక్కడ చేతులతో మాట్లాడటం నేర్పుతారనీ మెల్లగా చెప్పింది.

ఆ వారంలోనే బుర్గి, లోరెంజ్ వాణ్ణి ఎత్తుకుని ఆ బడికి వెళ్ళారు. అక్కడి పంతులు వాడి వెనక ఒక ఇత్తడి పళ్ళెం మోగించి, ముందుకొచ్చి పలకరించి, నవ్వించి, తేల్చి చెప్పాడు. ఇంకాస్త పెద్దయ్యాక తీసుకురమ్మన్నాడు. అందాకా ఎప్పుడు మాట్లాడినా ఎదురుగా, మొహం మీద వెలుగు పడేలా నిలబడి మాట్లాడమన్నాడు. ఏ వస్తువుకి ఏ సైగ చేసినా ఇంట్లో అందరూ ఒకే సైగ చేయాలన్నాడు. "తొందరగానే వచ్చారమ్మా" అని కూడా అన్నాడు. "మా దగ్గరికి చాలామంది వచ్చేసరికి ఆ పిల్లలు దెబ్బలు తిని తిని మొహంలోకి చూడటమే మానేసి ఉంటారు."

దారిలో బుర్గి ఏడ్చింది. లోరెంజ్ ఆపమనలేదు. అద్దం మాట ఎత్తలేదు. "నేను గడ్డం గీసుకుంటున్నానే, ఆ పూటే నీ మాట వినాల్సింది" అన్నాడొకసారి. తర్వాత ఇల్లు చేరేదాకా పిల్లవాణ్ణి తనే ఎత్తుకున్నాడు.

ఇప్పుడా ఇంట్లో స్టాసి పాల గిన్నె చూపించి బుగ్గ మీద వేలుతో తడుతుంది, పాలు అని. అన్సెల్మ్‌కి వేళ్ళు ముడుచుకుపోయి సగం సైగలు తప్పుతాయి. "చూశావా, ఇక్కడా నా వేళ్ళే" అని తనని తానే తిట్టుకుంటాడు. ఫ్లోరి ఆయన గడ్డం పట్టుకుని ఆ వంకర సైగే నేర్చుకున్నాడు, ఇప్పుడు ఇల్లంతా అలాగే చేస్తోంది. బుర్గికి భయాలు పోలేదు. వెనకనుంచి బండి వస్తే వాడికెలా తెలుస్తుందని కొత్త భయం పట్టుకుంది. కాని ఇది చేతిలో పని ఉన్న భయం. చెయ్యి పట్టుకుని నడిపిస్తే కాస్త తగ్గుతుంది.

మీ ఇంట్లో గాని, మీకు తెలిసినవాళ్ళింట్లో గాని ఇంకా మాటలు రాని పసివాడుంటే, సరైన చోట నవ్వుతున్నాడు కదా అని ఊరుకోకండి. అత్తగారు నవ్వినా, మీ ఆయన విసుక్కున్నా పట్టించుకోకండి. వాడు ఆటలో ఉన్నప్పుడు వెనక్కి వెళ్ళండి. నీడ వాడి మీద పడకుండా, నేల అదరకుండా, ఊపిరి కూడా తగలనంత దూరంలో నిలబడండి. పేరు పెట్టి మెల్లగా పిలవండి, తర్వాత కాస్త గట్టిగా. తిరిగి చూశాడా సరే. చూడకపోతే రేపు మళ్ళీ పిలిచి చూడండి, అప్పటికీ చూడకపోతే ఎవరికైనా చూపించండి. ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే లేచి వెళ్ళి, ఒక్కసారి వాణ్ణి చూసి రండి.